ఆ డబుల్ డోర్ ఫ్యామిలీ ప్యాక్ కొనకండి: వెడల్పు మారిస్తే రెక్కలు కదలవు

రెవిట్‌లో, అంటే భవనాల నమూనాలు, ప్లాన్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, పనిచేసేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. నలభై డబుల్ డోర్ ఫ్యామిలీలంటూ (ప్రాజెక్టులో పెట్టుకునే రెడీమేడ్ తలుపు నమూనాలు) ఒక ప్యాక్ అమ్ముతున్నారు. ఈ మధ్య ఎక్కడ చూసినా దాని బొమ్మలే. నిన్న కొన్నాను, ఇవాళ తెరిచాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. కొనేముందు అమ్మేవాణ్ణి సూటిగా అడిగాను: వెడల్పు 1200 నుంచి 2400 మిల్లీమీటర్ల దాకా మారుతుందా, ఒక రెక్క పెద్దది, ఒకటి చిన్నది పెట్టుకోవచ్చా అని. "అన్నీ మారతాయి, అన్నీ ప్యారామెట్రిక్" అని జవాబు వచ్చింది. ప్యారామెట్రిక్ అంటే కొలత మారిస్తే దాన్నిబట్టి బొమ్మంతా తానే మారడం. ఆ మాట నమ్మే కొన్నాను.

ఫైలు తెరిస్తే కనిపించేది 1500 వెడల్పు తలుపు, 750 చొప్పున రెండు రెక్కలు. ఫ్యామిలీ టైప్స్ అనే కొలతల పట్టికలోకి వెళ్లి విడ్త్ 1800 చేసి అప్లై కొట్టాను. ద్వారబంధం ఒక్కో పక్కకు 150 జరిగింది, గోడలో కంత కూడా పెరిగింది. రెక్కలు మాత్రం ఎక్కడివక్కడే! నడిమధ్యన రెండూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. అటు 150, ఇటు 150 ఖాళీ. మడతబందులు దేనికీ తగలకుండా గాలిలో ఉన్నాయి. పోనీ అని 1200 చేశాను. ఈసారి రెక్కలు ద్వారబంధాన్ని దాటి ఇటూ అటూ 150 చొప్పున గోడలోకి చొచ్చుకుపోయాయి. ప్లాన్‌లో (పైనుంచి చూసే బొమ్మలో) తలుపు తెరుచుకునే దారి చూపే ఆర్క్‌లు (వంపు గీతలు) కూడా 750 దగ్గరే బిగుసుకుపోయాయి.

ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కొలతలన్నీ కట్టి ఉన్న ఫ్యామిలీ ఎక్కడైనా తేడా కొడితే, కన్‌స్ట్రెయింట్స్ (కొలతలకు వేసిన కట్లు) కుదరడం లేదని రెవిట్ వెంటనే ఆపేస్తుంది. ఇందులో రెక్కల్ని దేనికీ కట్టలేదు కాబట్టి ఆపడానికి ఏమీ లేదు. 1800 తలుపు పెట్టి షీటు పంపేస్తే, కొలత 1800 అని చెప్తుంది, బొమ్మ 1500 అని చెప్తుంది. తలుపు చేసేవాడు దేన్ని నమ్మాలి?

రెక్కను ఎడిట్ చేద్దామని లోపలికి వెళ్తే తెలిసింది, అది ఎక్స్‌ట్రూజన్ (రెవిట్‌లోనే ఒక ఆకారం గీసి మందం ఇచ్చి చేసేది) కాదు. వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసిన మెష్‌ని (చిన్న చిన్న పలకలతో అల్లిన ఆకారాన్ని) దిగుమతి చేసి పెట్టారు. ఆబ్జెక్ట్ స్టైల్స్‌లో ఇంపోర్టెడ్ ఆబ్జెక్ట్స్ ట్యాబ్ తెరిస్తే దాని పేరు అక్కడే కనిపిస్తుంది. కొన్నిటిలో ఆ మెష్‌ని పగలగొట్టి దాచారు, అయినా ఆనవాళ్లు పోలేదు: మెటీరియల్స్‌లో "రెండర్ మెటీరియల్" అని మొదలై పక్కన రంగు అంకెలున్న పేర్లు, లైన్ ప్యాటర్న్‌లలో "ఇంపోర్ట్" అని మొదలయ్యే పేర్లు. ఫ్యామిలీని లోడ్ చేయగానే ఆ చెత్తంతా ప్రాజెక్టులోకి ఎక్కుతుంది. మెష్‌కి కొలత కట్టడం కుదరదు. అంటే ఈ తలుపుని బాగుచేసే దారే లేదు, రెక్కను మొదటినుంచి గీయాల్సిందే.

నలభైలో పదకొండు తలుపులకు రెక్క నిజంగానే వేరే ఫ్యామిలీగా ఉంది. హమ్మయ్య అనుకుని ప్రాజెక్టులో పన్నెండు పెట్టి డోర్ షెడ్యూల్ (తలుపుల లెక్కల జాబితా) తీస్తే లెక్క 36 వచ్చింది. ఎందుకంటే లోపలి రెక్క కూడా డోర్ క్యాటగిరీలోనే ఉంది, దానికి షేర్డ్ టిక్కు పెట్టి వదిలేశారు. షేర్డ్ అయితే లోపలి ఫ్యామిలీ షెడ్యూల్‌లో విడిగా లెక్కకొస్తుంది. తలుపు ఒకటి, రెక్కలు రెండు, వెరసి మూడు. ఇది ఎవరూ గమనించకపోతే తలుపుల ఆర్డరు మూడింతలు అవుతుంది.

ఇవన్నీ స్క్రీన్‌షాట్లతో సహా అమ్మేవాడికి రాశాను. మర్యాదగానే రాశాను. వచ్చిన జవాబు మాటకు మాట ఇది: "ప్యారామెట్రిక్ అంటే మెటీరియల్ మార్చుకోవచ్చని. మీకు రెవిట్ సరిగ్గా రానట్టుంది. డౌన్‌లోడ్ అయింది కాబట్టి డబ్బు వాపసు ఉండదు." మెటీరియల్ మార్చుకోవడాన్ని ప్యారామెట్రిక్ అని ఏ తలుపుకీ ఎవరూ అనరు. నేను అడిగింది వెడల్పు గురించి, అతను ఒప్పుకున్నది వెడల్పు గురించి. గంట తర్వాత చూస్తే అమ్మకం పేజీలో "పూర్తి ప్యారామెట్రిక్" పోయి "మార్చుకోదగినవి" అని వచ్చింది. నా ప్రశ్న, దాని కింద అతని జవాబు రెండూ మాయం. ఫైలులో లోపం ఉంటే సరిచేయొచ్చు, ఎవరికైనా జరుగుతుంది. అన్న మాటను చెరిపేసి, అడిగినవాళ్లకే పని రాదనడం నాకు మింగుడుపడటం లేదు. అతని మొదటి జవాబు వచ్చిన రోజే స్క్రీన్‌షాట్ తీసుకోవాల్సింది. తీసుకోలేదు, ఆ తప్పు నాదే.

సరైన డబుల్ డోర్ ఎలా ఉండాలో తెలిస్తే మీరు మోసపోరు, అందుకే చెప్తున్నా. మెట్రిక్ డోర్ టెంప్లేట్‌లో (కొత్త తలుపు మొదలుపెట్టే ఫైలులో) ఎడమ, కుడి, మధ్య రిఫరెన్స్ ప్లేన్‌లు (కొలతలు కట్టడానికి ఆధారంగా ఉండే ఊహా తలాలు), వాటి మధ్య సమాన దూరం ఉంచే ఈక్యూ డైమెన్షన్ ముందే ఉంటాయి. రెక్కను వేరే ఫ్యామిలీగా చేసి, మడతబందు వైపు అంచుని సందు వదిలి ఎడమ ప్లేన్‌కి లాక్ చేయాలి, రెండోదాన్ని కుడి ప్లేన్‌కి. మధ్యకు కట్టకూడదు. రెక్క వెడల్పుని చేత్తో టైపు చేయకూడదు, ఫార్ములాతో రావాలి. రెండు పక్కలా, నడుమా 3 మిల్లీమీటర్ల సందు వదిలితే మొత్తం 9. అప్పుడు రెక్క వెడల్పు అంటే విడ్త్‌లోంచి 9 తీసేసి రెండుతో భాగించడం. 1500 తలుపుకి 745.5 వస్తుంది. ఫార్ములాలో 9 పక్కన మిల్లీమీటర్ గుర్తు కూడా రాయండి.

రెక్కలు సమానం కాకపోతే రోజూ వాడే రెక్కకు మీరు కొలత ఇవ్వాలి, రెండోది మిగిలినదాన్నిబట్టి రావాలి. 1200 తలుపులో పెద్ద రెక్క 900 అయితే చిన్నది 291. నడుమ ఒక రెక్క మీదకు ఇంకోటి ఎక్కే రకమైతే ఎంత ఎక్కుతుందో అంత ఒక రెక్కకు కలపాలి, లేకపోతే మూసినా సందు కనిపిస్తుంది. ఆర్క్‌లను సింబాలిక్ లైన్లతో (బొమ్మలో గుర్తుగా మాత్రమే కనిపించే గీతలతో) ప్లాన్ స్వింగ్ సబ్‌క్యాటగిరీలో గీసి, వ్యాసార్థానికి రెక్క వెడల్పు ప్యారామీటర్నే ఇవ్వాలి. ఆర్క్ కేంద్రం గుర్తును కనిపించేలా పెట్టి మడతబందు దగ్గర లాక్ చేయాలి. చాలామంది ఈ కేంద్రం లాక్ దగ్గరే తప్పుతారు, వెడల్పు మారగానే ఆర్క్ తలుపుని వదిలి పక్కకు పోతుంది. రెక్క కోణం కూడా మారాలంటే దాన్ని రిఫరెన్స్ ప్లేన్‌కి కాదు, రిఫరెన్స్ లైన్‌కి కట్టండి. ప్లేన్‌కి చివర అంటూ ఉండదు, తిప్పడానికి ఇరుసు దొరకదు.

ఏ ప్యాకైనా సరే, ముందు ఒక్క తలుపు నమూనా అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ఇస్తే విడ్త్ 1200, 1500, 1800, 2400 వరసగా పెట్టి ప్లాన్, ఎలివేషన్ (ఎదురుగా చూసే బొమ్మ) రెండూ చూడండి. ఏ వెర్షన్‌లో సేవ్ చేశారో కూడా కనుక్కోండి, కొత్త వెర్షన్ ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. అమ్మేవాడు రాసిన ప్రతి మాటా అప్పటికప్పుడే దాచుకోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు మెష్ తలుపుల మీద సమయం పెట్టకండి. ఆ పదకొండిటిలో మాత్రం లోపలి రెక్కను తెరిచి, ఫ్యామిలీ క్యాటగిరీ అండ్ ప్యారామీటర్స్‌లో షేర్డ్ టిక్కు తీసేసి, తలుపులోకి మళ్లీ లోడ్ చేయండి. ఆ తలుపుని కొత్త పేరుతో సేవ్ చేసి ప్రాజెక్టులోకి తెచ్చుకుని, పాతవాటిని తీసేశాకే షెడ్యూల్ చూసుకోండి.