భీమిలిలో వారం రోజులు, జేబులో ఒక వాతావరణం యాప్: రెండు స్టార్లు, అవీ మొహమాటానికి

ముందే చెబుతున్నా, యాప్ పేరు రాయను. ఫోన్‌లో వాతావరణం అని వెతికితే పైన కనిపించే అయిదారింటిలో అదొకటి, అంత తెలిస్తే చాలు. యాడ్స్ భరించలేక ఏడాదికి 299 రూపాయలు కట్టి మరీ తీసుకున్నాను, అందుకే ఈ రివ్యూ ఇంత పొడుగ్గా వస్తోంది. ఊరికే వచ్చినదైతే డిలీట్ చేసి ఊరుకునేవాణ్ణి.

ఎందుకు కొన్నానంటే మా మేనత్త వడియాల కోసం. నవ్వకండి. అత్తది భీమిలి, అదే, విశాఖ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న భీమునిపట్నం. ఏటా ఉగాది సమయానికి వడియాల పని మొదలుపెడుతుంది. సగ్గుబియ్యం వడియాలు, పిండి వడియాలు, ఊరమిరపకాయలు, మా ఇంటికి, బెంగళూరులో ఉన్న వాళ్ళబ్బాయికి, ఇంకా అడిగినవాళ్ళకి, అడగనివాళ్ళకి కూడా. ఈసారి మోకాళ్ళు సహకరించడం లేదురా, డాబా మెట్లు ఎక్కలేను, నువ్వొచ్చి పైకి మోసి కిందకి దించితే చాలు అంది. నాది ఎలాగూ లాప్‌టాప్ ముందు కూర్చునే పనే కాబట్టి మార్చి నెలాఖరులో వారం రోజులకని హైదరాబాద్ నుంచి బయల్దేరాను. వడియాలకి వరసగా రెండు మంచి ఎండలు కావాలి, ఊరమిరపకాయలకి ఇంకా ఎక్కువ. మధ్యలో ఒక్క జల్లు పడిందా, పిండి బంకై పాత చీరకి అంటుకుపోతుంది, వడియమూ పోతుంది, చీరా పోతుంది. కాబట్టి ఆ వారం రోజులూ మా ఇంట్లో వాతావరణం గురించి మాట్లాడుకోవడం ఊసుపోక కాదు.

యాప్‌లో బాగున్నవి ముందు చెప్పేస్తాను, ఎక్కువ లేవు. టకీమని తెరుచుకుంటుంది. బ్యాటరీ తినదు. సూర్యోదయం టైము నిమిషం తేడా లేకుండా ఇస్తుంది, అది పంచాంగమూ ఇస్తుందనుకోండి. తెలుగు ఉంది. ఉంది అంటే, ఒక చోట "అనుభూతి 41" అని, ఇంకో చోట "చెల్లాచెదురు జల్లులు" అని ఉంది. అత్త కళ్ళజోడు పెట్టుకుని చదివి "ఎవరి అనుభూతిరా ఇది?" అని అడిగింది.

సోమవారం గరిష్ఠం 33 అంది. నా దగ్గర వేడి, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటుంది, ఆరొందలు పెట్టి కొన్నది, దాన్ని వాటర్ ట్యాంకు నీడలో పెట్టాను. అది 32 చూపించింది. అంటే యాప్ పాసైనట్టే. కానీ పొద్దున్న తొమ్మిదింటికే నా చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లో 37, అక్కడ ఇందులో సగం చెమట కూడా లేదు. కోస్తాలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు, కానీ యాప్ పెద్ద అక్షరాల్లో చూపించే ఆ ఒక్క అంకె చూసి "ఓస్, 33యేగా" అనుకుని వచ్చే నాలాంటి వాడు మోసపోతాడు. హైదరాబాద్‌లో 37 ఉన్నప్పుడు తేమ ఇరవై శాతం, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ 32కి తేమ 70 శాతం, చెమట ఆరదు, కారుతుంది. లెక్క కడితే ఒంటికి 40, 41లా తగులుతుంది. ఆ "అనుభూతి" అంకె ఇదే, కాకపోతే దాన్ని అడుగున బూడిద రంగులో కనీకనపడకుండా పెట్టారు.

నన్నడిగితే తీరంలో మార్చి నుంచి చూడాల్సింది డ్యూ పాయింట్. బళ్ళో తుషార స్థానం అని చదివి పరీక్ష అవగానే మర్చిపోయాం కదా, అదే, గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని ఆవిరి మంచు బిందువులుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. గాలిలో నీరు ఎంత ఎక్కువుంటే అది అంత ఎక్కువుంటుంది. తేమ శాతం చూస్తే పొద్దున్న 90, మధ్యాహ్నం 70, అబ్బో తగ్గిందే అనిపిస్తుంది. తగ్గలేదు. గాలిలో నీరు దాదాపు అంతే ఉంది, గాలి వేడెక్కింది కాబట్టి శాతం పడిపోయింది. డ్యూ పాయింట్ మాత్రం పొద్దున్న నుంచి సాయంత్రం దాకా 24, 26 మధ్యనే కదలకుండా కూర్చుంది, అక్కడ కూర్చుందంటే ఇక ఉక్కపోతే. యాప్‌లో ఇది మూడు చోట్ల నొక్కితే గానీ కనపడదు. వడియాలకీ ఇదే లెక్క అని నాకు ఆ రోజే అర్థమైంది, ఎండ ఎంత అనేదే కాదు, గాలి ఎంత పొడిగా ఉందనేదీ చూడాలి. సోమవారం పెట్టిన సగ్గుబియ్యం వడియాలు సాయంత్రానికి పైన పొర కట్టాయి, లోపల జిగురు. అత్త వేలితో నొక్కి చూసి "రేపు కూడా" అంది. ఆవిడ దగ్గర మీటర్లేవీ లేవు.

మంగళ, బుధవారాలు దాదాపు ఒకేలా గడిచాయి. తెల్లారి సముద్రం మీద పల్చటి మంచు, తరవాత ఊపిరాడని ఉక్క, పదకొండు దాటాక సముద్రపు గాలి. ఇక్కడ యాప్ చేసే తప్పు ఒకటుంది. గంట గంటకీ వేడి చూపించే గ్రాఫులో మధ్యాహ్నం రెండింటికి కొండ శిఖరంలా పైకెళ్ళి నున్నగా కిందకి దిగుతుంది. అది లోపలి ఊళ్ళ గ్రాఫు. ఒడ్డున అలా ఉండదు. నేల వేడెక్కుతుంది, సముద్రం మాత్రం 27, 28 దగ్గరే ఉంటుంది, ఆ తేడాకి నీళ్ళ మీది గాలి ఒడ్డుకి రావడం మొదలవగానే వేడి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. నా మీటర్లో రెండు రోజులూ ఎక్కువ వేడి నమోదైంది పదకొండింటి ప్రాంతంలోనే. మరి యాప్ ఎందుకిలా చెబుతోందా అని తవ్వితే, "భీమునిపట్నం" అని పైన రాసి కింద ఇస్తున్న "ఇప్పటి" అంకెలు విశాఖ విమానాశ్రయానివి! వాతావరణ శాఖకి వైజాగ్‌లో వాల్తేరులో ఒక కేంద్రం, ఎయిర్‌పోర్టులో ఒక కేంద్రం ఉన్నాయి, వాల్తేరుది సముద్రం పక్కన, ఎయిర్‌పోర్టుది లోపలికి. వేసవిలో పేపర్లో చూడండి, ఒకే ఊళ్ళో రెండింటికీ రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. అలాంటిది భీమిలికి ఎయిర్‌పోర్టు అంకె తెచ్చి అతికిస్తే ఏమనాలి?

ముందు రోజుల అంచనా ఇంకో కథ. ఇలాంటి యాప్‌లు చాలావరకు ప్రపంచం మొత్తాన్నీ గడులుగా విడగొట్టి వాతావరణం లెక్కకట్టే కంప్యూటర్ మోడళ్ళ మీద ఆధారపడతాయి. అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్‌లో ఒక్కో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ వాళ్ళది 9. అంత పెద్ద గడిలో భీమిలిని పెడితే గోస్తనీ నది, ఎర్రమట్టి దిబ్బలు, పావురాలకొండ, సగం సముద్రం అన్నీ కలిపి ఒక్కటే అంకె వస్తుంది. మన వాతావరణ శాఖ 2025 మేలో 6 కిలోమీటర్ల గడితో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలుపెట్టింది, దారి అదే, కానీ మా యాప్ వాళ్ళకి అవేవీ పట్టినట్టు లేవు.

ఇక గురువారం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

పొద్దున్న ఆరున్నరకి లైట్‌హౌస్ వైపు నడిచాను. ఒళ్ళు జిడ్డుగా లేదు, గాలి హాయిగా ఉంది, సముద్రం కూడా నున్నగా ఉంది. యాప్ చూశాను, 33, మామూలు ఎండ బొమ్మ. పక్కన పడవ నీడలో ఒక తాత వల బాగు చేసుకుంటున్నాడు. ఇవాళ చల్లగా ఉంది కదా తాతా అన్నాను. ఆయన తల ఎత్తకుండానే "ఏటి సల్లగా? గాలి పడమటి నుంచొస్తంది బాబూ, సూడు, పొగ సముద్రం కేసి పోతంది. ఇయ్యాల కాల్సేత్తాది" అన్నాడు. నేను ఫోన్ చూపించాను. "పోన్లో గాలి తగుల్తాదేటి?" అన్నాడు.

అదే జరిగింది. పడమటి గాలి కనుమలు దిగి వచ్చేటప్పుడు దిగేకొద్దీ వేడెక్కుతుంది, ఎండిపోతుంది. అది బలంగా ఉన్న రోజు సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. పదకొండు అయింది, పన్నెండు అయింది, గాలి తిరగలేదు. ఒంటిగంటకి ట్యాంకు నీడలో 38, తేమ 30 శాతం. డాబా మీద అడుగు పెడితే చెప్పులు లేకుండా నిలబడలేను. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40కి చేరితే గానీ వడగాలి మాట రాదు గానీ తీర ప్రాంతాలకి 37కి చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే చాలు. అంటే నా ఆరొందల మీటరు నిజమే చెబుతుంటే మేం ఆ గీత దగ్గర్లోనే ఉన్నాం. యాప్ మాత్రం అప్పటికీ 33 గరిష్ఠం అనే అంటోంది. "ఇప్పుడు 36" అని ఒక పక్క చూపిస్తూ, అదే తెర మీద "ఈరోజు గరిష్ఠం 33" అని! పక్కపక్కనే ఉన్న రెండు అంకెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవన్నమాట. మూడింటికి గాలి తిరిగింది, అరగంటలో ఆరు డిగ్రీలు పడిపోయింది, వీధిలో అందరూ ఒక్కసారి తలుపులు తీశారు.

నా బాధ వేడి గురించి కాదు. పొడిగాలి వీచే అలాంటి రోజు వడియాలకి పండగ. సోమవారం రెండు ఎండలు అడిగిన వడియాలు గురువారం ఒక్క పూటలో గలగలమన్నాయి. యాప్ ముందే చెప్పి ఉంటే పిండి అంతా ఆ రోజే పెట్టేవాళ్ళం, "మామూలు రోజు" అన్న మాట నమ్మి సగమే పెట్టాం. అత్త ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాట.

శుక్రవారం వర్షం 60 శాతం అంది. ఏమీ పెట్టలేదు. చినుకు పడలేదు. అరవై శాతం అంటే నలభై శాతం పడదనే కదా అని సమర్థించుకోవచ్చు, ఒప్పుకుంటాను, ఆ ఒక్కదానికి స్టారు తగ్గించలేదు.

శనివారానిది మాత్రం క్షమించను. వర్షం 10 శాతం అన్నాడు. మిగిలిన పిండి, మిరపకాయలు అన్నీ పైకెక్కించాం. శుక్రవారం దెబ్బకి నమ్మకం పోయి, మూడింటికి వాతావరణ శాఖ సైట్లో విశాఖ రాడార్ బొమ్మ తెరిచాను. కైలాసగిరి మీద ఉన్న డాప్లర్ రాడార్‌దే అది, కొన్ని నిమిషాలకోసారి కొత్త బొమ్మ వస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అనంతగిరి కొండల వైపు ఎర్రటి ముద్ద ఒకటి, అంటే గట్టి వాన మబ్బు, కనిపించింది. వసంతంలో ఇక్కడ ఇది మామూలే, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ, లోపలి నుంచి వచ్చే పొడిగాలి కలిసేచోట కొండల మీద మధ్యాహ్నం మబ్బు పెరిగి సాయంత్రానికి తీరం వైపు జరుగుతుంది. రెండు మూడు బొమ్మలు చూసేసరికి అది మావైపే వస్తోందని తెలిసిపోయింది. నేను, పక్కింటి అబ్బాయి కలిసి పదిహేను నిమిషాల్లో చీరలతో సహా అన్నీ దింపేశాం. ఆఖరి మిరపకాయల చేట వసారాలోకి రాగానే ఈదురుగాలి, ఆ వెంటనే పెద్ద పెద్ద చినుకులు. పిడుగుల కోసం పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళు చేసిన దామిని యాప్ అప్పటికే రెండుసార్లు మోగింది. మన 299 రూపాయల యాప్‌లో ఇంకా ఎండ బొమ్మే. వాన వెలిసి చూరు నుంచి నీళ్ళు కారుతుంటే నోటిఫికేషన్ వచ్చింది, "చెల్లాచెదురు జల్లులు సమీపిస్తున్నాయి" అని.

కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను, స్క్రీన్‌షాట్లతో. లొకేషన్ పర్మిషన్ ఆన్ చేయండి అని జవాబొచ్చింది. ఆన్‌లోనే ఉంది. డబ్బు వెనక్కి అడిగాను, జవాబు లేదు. ఇంకోటి, కొన్నవాళ్ళు గమనించండి, ఏడాది తర్వాత దానంతటదే మళ్ళీ కట్ అయ్యేలా పెట్టి ఉంటుంది, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి ఆపేయాలి, యాప్ తీసేసినంత మాత్రాన ఆగదు.

మరి ఏం వాడాలి అంటే, నేనిప్పుడు పైసా కట్టనివే వాడుతున్నాను. రోజువారీ అంచనాకి వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్, చూడ్డానికి అంత అందంగా ఉండదు. వడగాలులకి ఏపీ విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాల వారీగా ఇచ్చే జాబితా, అది తెలుగులో ఉంటుంది, మనుషులు రాసిన తెలుగులో. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి, స్నానాలకి దిగేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సమాచారం. ఆ ఆఫీసు సముద్రం లేని మా హైదరాబాద్‌లోనే ఉంది మరి. వీటన్నిటికంటే ముందు ఒకసారి బయటికెళ్ళి పొగ ఎటు పోతోందో చూడటం.

రెండు స్టార్లలో ఒకటి త్వరగా తెరుచుకుంటుందని, రెండోది సోమవారం 33కి.

ఆదివారం రాత్రి రెండు డబ్బాల వడియాలతో రైలెక్కాను. మిరపకాయలు ఇంకో ఎండ అడుగుతున్నాయని అత్త ఉంచేసుకుంది. సోమవారం పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగుతుంటే ఫోన్ మోగింది, భీమునిపట్నంలో ఈరోజు వర్షం 80 శాతం అని. అత్తకి ఫోన్ చేశాను. మిరపకాయలు డాబా మీదే ఉన్నాయట, పక్కింటి అబ్బాయిచేత పొద్దున్నే ఎక్కించిందట.