క్యాంపర్‌వ్యాన్ అద్దె ఒక ఎత్తు, దాన్ని ఆపుకునే చోటు ఇంకో ఎత్తు

"ఎక్కడ నచ్చితే అక్కడ ఆపుకోండి మేడమ్, హోటల్ వెతుక్కునే పనే లేదు" అని ఫోన్లో అంత నమ్మకంగా చెప్పిన పెద్దమనిషి దగ్గరే మేం క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకున్నాం. బెంగళూరు నుంచి సకలేశపుర, ఉడుపి, గోకర్ణ, జోగ్ జలపాతం మీదుగా తిరిగొచ్చాం. రాత్రి పడుకోవడానికి బండి ఎక్కడ పెట్టాలన్నదే ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద టెన్షన్. మా అపార్ట్‌మెంట్లో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు "బాగుందటగా, మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎంతయింది" అని అడిగారు కాబట్టి, లెక్కలతో సహా రాసేస్తున్నాను.

వెళ్లింది నేను, మా ఆయన, ఆరో తరగతి చదివే మా వాడు, ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్య. కార్తీకం మొదలైతే అత్తయ్య చేప ముట్టరు, చేప తినని దానికి సముద్రం దాకా వెళ్లడం దేనికి అని ఆవిడే అన్నారు, అందుకని దసరా సెలవుల్లోనే పెట్టుకున్నాం. కర్ణాటక తీరానికి వెళ్లడానికి ఇదే మంచి కాలం కూడా. వానలు తగ్గుతాయి, జోగ్‌లో నీళ్లు ఇంకా ఉంటాయి, జూన్ జూలైల్లో ఉండే వేట నిషేధం అయిపోయి చేపలు బాగా దొరుకుతాయి.

అద్దె రోజుకు 9,500, దానిమీద జీఎస్టీ. డిపాజిట్ 25,000. రోజుకు 250 కిలోమీటర్లు, ఆపైన కిలోమీటరుకు 18 రూపాయలు. టెంపో ట్రావెలర్‌ను మార్చి చేసిన బండి. వెనక అడ్డంగా ఒక మంచం, సోఫా విప్పితే ఇంకో మంచం, ఒక గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్, సింకు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, కూర్చుంటే మోకాళ్లు తలుపుకు తగిలే టాయిలెట్. నంబరు ప్లేటు నలుపు, అక్షరాలు పసుపు, అంటే మనమే నడుపుకునే అద్దె బండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే కారు లైసెన్స్ చాలు అని మా ఆయన నెల ముందు నుంచీ కనబడ్డవాళ్లందరికీ చెప్తూనే ఉన్నారు.

బండి బాగానే నడుస్తుంది, కానీ మైలేజీ లీటరుకు 11 అన్నారు, మాకు వచ్చింది 8. నెలమంగళ టోల్ దగ్గరే ఇంకో సంగతి తెలిసింది, ఫాస్టాగ్‌లో పైసా లేదు. రెట్టింపు కట్టమని బూత్‌లో అబ్బాయి, వెనక హారన్లు, అత్తయ్యేమో "ఒరేయ్ నాన్నా, ఇంటికెళ్లిపోదామా" అని. పక్కకు తీసి ఫోన్లో రీచార్జ్ చేసుకుని బయటపడ్డాం. పైగా దీనికి కారు రేటు కాదు, మినీ బస్సు రేటు పడుతుంది. ఈ విషయం ముందే చెప్తే వాళ్ల సొమ్మేం పోయేదో!

సకలేశపుర దగ్గర ఒక కాఫీ ఎస్టేట్ రిసార్టులో "కేరవాన్ పార్కింగ్" ఉందని బుక్ చేశాం. రాత్రికి 3,500. తీరా వెళ్లి చూస్తే అది కాఫీ కల్లం పక్కన ఒక ఏటవాలు నేల, దాని చివర ఒక షెడ్డు, షెడ్డు గోడకు ఒక ప్లగ్గు. అంతే. నీళ్ల కుళాయి ఉంది, తిప్పితే తుప్పు రంగు నీళ్లు. బండి ఎడమవైపుకు ఎంత వాలిందంటే, స్టవ్ మీద పెట్టిన గిన్నెలో అన్నం ఒక పక్క మెతుకులు మెతుకులుగా, ఇంకో పక్క గంజిలో తేలుతూ ఉడికింది. ఫ్రిజ్ తలుపు దానంతటదే తెరుచుకుంటుంటే మా వాడు దానికి వాళ్ల నాన్న బెల్టు కట్టాడు. చక్రాల కింద ఇటుకలు పెట్టడానికి ఇటుకలు అడిగితే రిసెప్షన్లో కుర్రాడు "మేనేజర్‌ని అడగాలి సార్" అని వెళ్లి మళ్లీ కనబడలేదు. చివరికి చెట్టు చుట్టూ పేర్చిన ఇటుకల్లో నాలుగు మేమే పీక్కొచ్చుకున్నాం, పొద్దున మళ్లీ పెట్టేశాం కూడా.

అసలు మంట ఇక్కడ కాదు. కరెంటు ప్లగ్గు ఐదు ఆంపియర్లది. బండి ఛార్జరు, ఫ్రిజ్, నీళ్ల హీటరు కలిసేసరికి ఎంసీబీ స్విచ్చు పడిపోతుంది. రాత్రి టార్చి వేసుకుని షెడ్డుకు వెళ్లడం, పైకెత్తడం, వచ్చి పడుకోవడం, మళ్లీ పడిపోవడం. ఆ నడకల్లో మా ఆయన కాలికి రెండు జలగలు. పొద్దున బిల్లులో "బ్రేక్‌ఫాస్ట్ తప్పనిసరి" అని తలకు 450, నలుగురికి 1,800. పెట్టింది చల్లారిపోయిన ఇడ్లీ, పొడిపొడిగా ఉప్మా. అదే డబ్బులతో సకలేశపుర ఊళ్లో మంచి లాడ్జిలో గది వచ్చేది, దర్జాగా అడ్డంగా పడుకునేవాళ్లం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, తెల్లవారి తలుపు తీస్తే ఎదురుగా మంచులో కాఫీ చెట్లు, కాయలు ఇంకా పచ్చగానే, ఆ చలిలో ఫిల్టర్ కాఫీ తాగుతూ అత్తయ్య కూడా ఒక పది నిమిషాలు ఎవరినీ ఏమీ అనలేదు. ఊరికి దగ్గర్లోనే ఉన్న మంజరాబాద్ కోట తప్పకుండా చూడండి. టిప్పు సుల్తాన్ కట్టించిన ఎనిమిది కొనల నక్షత్రం ఆకారం కోట అది.

టాయిలెట్ గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా చివరికి దానిమీదికే వచ్చింది. మొదటి రోజే అత్తయ్య దాన్ని చూసి, తర్వాత స్టవ్‌ను చూసి, మధ్యలో ఉన్న జానెడు ఖాళీని చూసి, "అమ్మాయ్, వంట చేసే చోట ఇదేం పని, నేను చచ్చినా వెళ్లను" అని తేల్చేశారు. ఆ మాటతో ఎవరూ వెళ్లలేదు. అంటే మూడు పూటలూ పెట్రోల్ బంకులు, హోటళ్లు వెతుక్కోవడమే. మా వాడు ఒక్కసారి అర్ధరాత్రి పోశాడు, దానికే పొద్దున పంచాయతీ.

శిరాడి ఘాట్ దిగడం నెమ్మదిగా, లారీల వెనక. ఉడుపి కృష్ణుణ్ణి నవగ్రహ కిటికీలోంచి చూశాం, రద్దీ సరే సరి. మల్పేలో పడవెక్కి సెయింట్ మేరీస్ దీవికి వెళ్లాం. లావా చల్లారి ఏర్పడిన కోణాల రాతి స్తంభాలు అక్కడ వరసగా నిలబడి ఉంటాయి, పిల్లలున్నవాళ్లు వదలొద్దు. మేం తిరిగి వచ్చేసరికి మా బండి చుట్టూ జనం. మన జనానికి కేరవాన్ అంటే హీరో బండే కదా! లోపల ఎవరు, షూటింగ్ ఎక్కడ అని ఒకటే ఆరా. ఎండకు తట్టుకోలేక ముందే వచ్చి లోపల పడుకున్న అత్తయ్య ఆ గోలకు లేచి, నైటీ మీద తువ్వాలు వేసుకుని, తలుపు తీసి "ఏంటయ్యా?" అన్నారు. ఒక కుర్రాడు అప్పటికీ సెల్ఫీ తీసుకున్నాడు.

కుందాపుర దాటక ముందు హైవే పక్కన ఒక రేకుల షెడ్డు మెస్‌లో తిన్న భోజనం ఈ ప్రయాణం మొత్తానికీ గుర్తుండేది. బోర్డు కన్నడంలో మాత్రమే, బల్లలు ఐదో ఆరో. కాణె చేపల రవ్వ ఫ్రై, బంగుడె పులిముంచి అనే పులుసు, ఉప్పుడు బియ్యం అన్నం. బంగుడె అంటే మన కానాగంతలే. వంటావిడ చేపకు రెండు పక్కలా కత్తితో గాట్లు పెట్టి, ఎర్రటి మసాలాను బొటనవేలితో ప్రతి గాటులోకీ నొక్కి నొక్కి నింపి, పెనం మీద వేసి, అంచు నల్లబడే దాకా కదిలించలేదు. అత్తయ్య ఆ పెనం పక్కనే నిలబడి చూశారు. మా ఇంట్లో చేపల పులుసులో ఆవిడ మాటకు తిరుగులేదు, అలాంటి మనిషి రెండోసారి పులుసు అడిగి వేయించుకుని, చింతపండు తక్కువే, మరి ఈ పులుపు ఎక్కణ్ణుంచి వచ్చింది అని నన్ను దుబాసీగా పెట్టి అడిగించారు. ఎండబెట్టిన ఏదో పుల్లటి కాయ ముక్కలు చూపించారు. పావు కిలో కొనుక్కుని గానీ ఆవిడ బండెక్కలేదు. నలుగురికి 1,140. ఈ ట్రిప్పులో ఇచ్చినందుకు బాధపడని డబ్బులంటే అవే.

మరవంతెలో హైవేకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సౌపర్ణిక నది. అంత అందమైన చోట బండి పెట్టుకుని సముద్రం చూస్తూ పడుకోవాలన్నది మా ఆయన కల. చీకటి పడ్డాక రోడ్డు దిగి పెట్టాం, కుర్చీలు వేసుకున్నాం, చపాతీలు కూడా కాల్చాం. పదిన్నరకు కిటికీ మీద లాఠీతో టకటకా కొట్టారు. ఇద్దరు పోలీసులు. ఇక్కడ పెట్టకూడదు, తీయండి, ఎవరిని అడిగి స్టవ్ వెలిగించారు, ఆడవాళ్లతో రాత్రి పూట ఇదేం పద్ధతి అని. చెప్పిన విషయం న్యాయమే, రోడ్డు పక్కన రాత్రంతా ఉండడం మంచిది కాదు. చెప్పిన తీరే దారుణం. మా ఆయన కన్నడంలో ఎంత మర్యాదగా మాట్లాడినా, బండిలో పిల్లాడు నిద్రపోతున్నాడన్నా, ఆ గొంతు తగ్గలేదు. అత్తయ్య బెదిరిపోయి బీపీ మాత్ర వేసుకున్నారు. గిన్నెలు సింకులో కూడా పెట్టకుండా కదిలితే, మొదటి మలుపులోనే పప్పు గిన్నె బోర్లా పడింది.

బైందూరు వైపు వెళ్తూ ఒక పెద్ద పెట్రోల్ బంకులో అడిగాం. 3,000 రూపాయల డీజిల్ కొట్టించుకోండి, లారీల పక్కన పెట్టుకోండి, డబ్బులేమీ వద్దు అన్నాడు క్యాషియర్. చదునైన నేల, రాత్రంతా లైట్లు, కడిగిన బాత్రూములు, తాగే నీళ్లు. పక్కన ఏపీ నంబరు లారీ ఉంది, నంద్యాల ఆయన. మమ్మల్ని చూసి "అక్కా, సముద్రం పక్కన పెట్టకండి, బంకులే మేలు, సెక్యూరిటీ ఉంటుంది" అని తన అనుభవమంతా చెప్పి, ముందు ఊళ్లలో ఏయే బంకుల్లో ఆపుకోవచ్చో కాగితం మీద రాసిచ్చాడు. 3,500 తీసుకున్న రిసార్టు కన్నా ఈ బంకులోనే హాయిగా నిద్రపట్టింది, ఇది వెటకారానికి అనడం లేదు.

మురుడేశ్వరంలో 123 అడుగుల శివుడి విగ్రహం, లిఫ్టులో రాజగోపురం పైకి, ఎండ. గోకర్ణలో గుడి వీధుల్లోకి ఈ బండి పట్టదు, ఆశపడొద్దు. ఊరి బయటే పెట్టి ఆటోలో వెళ్లండి. మహాబలేశ్వరుడి దగ్గర మగవాళ్లు చొక్కా తీసి పంచె కట్టుకోవాలి. ఓం బీచ్‌కి పైన బండి పెట్టి మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే కష్టం.

గోకర్ణ బయట ఒక హవ్యక బ్రాహ్మల కుటుంబం వాళ్ల కొబ్బరి తోటలో బండి పెట్టుకోనిచ్చారు. రాత్రికి 700. బావి నీళ్లు, వేణ్ణీళ్ల బాత్రూము, పదిహేను ఆంపియర్ల ప్లగ్గు. ఎవరైనా ఇంతకన్నా ఏం అడుగుతారు! భోజనం తలకు 150. అందులో వామాకుతో చేసిన తంబుళి ఉంది, మజ్జిగలో కొబ్బరితో కలిపి చల్లగా పోస్తారు. అత్తయ్యకు కన్నడం రాదు, ఆ ఇంటి పెద్దావిడకు తెలుగు రాదు, ఇద్దరూ అరుగు మీద కూర్చుని కోడళ్ల గురించి గంటసేపు మాట్లాడుకున్నారని నాకు గట్టి అనుమానం. ఒక్క రాత్రి అనుకున్నవాళ్లం ఇంకో రాత్రి ఉండిపోయాం.

అక్కడి నుంచి హొన్నావర, గేరుసొప్ప ఘాట్ ఎక్కి జోగ్. రాజా, రాణి, రోరర్, రాకెట్ నాలుగు పాయలూ పారుతున్నాయి, చాలు. సాగర, శివమొగ్గ, తుమకూరు మీదుగా ఇంటికి.

మొత్తం ఖర్చు 84 వేలు దాటింది, అందులో డీజిలే 13,400. మా కారులో వెళ్లి రెండేసి గదులు తీసుకున్నా 50 వేలలో తేలేది. డబ్బు ఆదా అవుతుందనుకుని మాత్రం క్యాంపర్‌వ్యాన్ తీసుకోకండి. పెద్దవాళ్లకు మధ్యాహ్నం నడుం వాల్చుకోవడానికి, పిల్లలకు వేడన్నం పెట్టడానికి అయితే దీన్ని మించింది లేదు, అత్తయ్య ఇన్ని మాటలన్నా ఒక్క రోజు కూడా వెన్ను నొప్పి అనలేదు. తీసుకుంటే మాత్రం రాత్రుళ్లు ఎక్కడ ఆపుతారో ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. నేల చదునేనా, ప్లగ్గు ఎన్ని ఆంపియర్లు అని అడగండి, ఫొటో తెప్పించుకోండి.

ఇక డిపాజిట్. 25,000లో తిరిగి వచ్చింది 16,400. పక్కన విప్పుకునే పందిరి రాడ్డు వంగిందని 6,100, టాయిలెట్ క్లీనింగ్ అని 2,500 కోశారు. ఆ రాడ్డు మేం బండి తీసుకున్న రోజే వంగి ఉంది, చుట్టూ తిరుగుతూ తీసిన వీడియోలో స్పష్టంగా కనబడుతోంది. సకలేశపుర జలగలు ఉప్పు వేయగానే వదిలాయి, ఈ పెద్దమనిషి మాత్రం మేం వీడియో పంపి, వాళ్ల ఆఫీసు మెట్ల మీద మా ఆయన గంటసేపు కూర్చునేదాకా వదల్లేదు. 6,100 వెనక్కి వచ్చింది. టాయిలెట్ డబ్బులు మాత్రం "రూల్ మేడమ్" అంటున్నారు. వాడని టాయిలెట్‌కి, అది కూడా పిల్లాడు ఒక్కసారి పోసినదానికి 2,500! రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ పెడుతున్నాను. నీలం టిక్కులు పడుతున్నాయి, డబ్బులే పడటం లేదు.