రికార్డు వెంట పాడించడమా, నోటితో చెప్పించడమా?

తరగతి సంగీత ప్రదర్శనకు చిన్నపిల్లల చేత పాట సాధన చేయించడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి: రికార్డు పెట్టి దాని వెంట పాడించడం, లేదా టీచరే ఒక్కో పాదం పాడి పిల్లల చేత తిరిగి పాడించడం.

రికార్డులో వేగం, శ్రుతి రోజూ ఒకేలా ఉంటాయి కాబట్టి, సంగీతం అంతగా రాని టీచరుకూ, ఇంట్లో సాధన చేయించే తల్లిదండ్రులకూ అది మంచి ఆసరా. అయితే రికార్డు ఎవరి కోసమూ ఆగదు. మాట తడబడిన పిల్లవాడు ఆ పాదాన్ని వదిలేసి, తనకు బాగా వచ్చిన పల్లవి దగ్గర మళ్లీ గొంతు కలుపుతాడు; రికార్డులోని గొంతు ఆ లోటును కప్పేయడంతో పాట వచ్చేసిందనే అందరూ అనుకుంటారు. ఒకసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

నోటితో చెప్పించేటప్పుడు టీచరు పిల్లల ముఖాలు గమనిస్తూ, తడబడిన చోటే ఆగి, ఆ నాలుగు మాటలను ముందు చప్పట్ల లయలో పలికించి, తరువాత రాగంలో పెట్టవచ్చు. శ్రుతి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: పెద్దలు తమకు హాయిగా ఉన్న చోట ఎత్తుకుంటే అది పిల్లలకు తరచూ మరీ కిందికి పడుతుంది, అప్పుడు వారు పాడటం మాని గొణుగుతారు. పైగా, టీచరు గొంతుకు శ్రమ తప్పదు.

ఐదారేళ్ల పిల్లలకైతే నేను రెండో పద్ధతితోనే, పూటకు పది నిమిషాలకు మించకుండా మొదలుపెడతాను. మాటలు నిలిచాక, గాత్రం లేని వాద్య సంగీతాన్ని జోడించి, ఎక్కడ ఎత్తుకోవాలో చేతి సైగతో చూపిస్తాను.