టైల్స్ మేస్త్రి కాబోయేవాళ్లకు 12 గీతల గ్రీన్ లేజర్ లెవెల్ పనికొస్తుందా?

న్యాక్ (నిర్మాణ పనులు నేర్పే సంస్థ)లో శిక్షణ తీసుకున్నా, మేస్త్రి వెనక మాలు అందిస్తూ నేర్చుకున్నా, సొంతంగా టైల్స్ పని పట్టాలనుకునేవాళ్ల కన్ను ముందుగా పడేది గోడల మీద మట్టం గీతలు వేసే ఈ లేజర్ లెవెల్ మీదే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బ్రాండు లేనివి మూడు నుంచి ఐదు వేల మధ్య వస్తున్నాయి. 10 మీటర్లకు 3 మిల్లీమీటర్లకు మించి తేడా రాదని డబ్బా మీద రాసుంటుంది. రాత సంగతి సరే, పీసును షాపులోనే చూసుకోవాలి.

5 మీటర్ల దూరంలో ఎదురెదురుగా రెండు గోడలుంటే చాలు. లేజర్‌ను మొదటి గోడ దగ్గర పెట్టి అడ్డగీత ఎక్కడ పడిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అక్కడే వెనక్కి తిప్పి ఎదుటి గోడ మీద ఇంకో గుర్తు. ఇప్పుడు రెండో గోడ దగ్గరికి మార్చి, ఆ గోడ గుర్తుకు గీత తగిలేలా ఎత్తు సర్ది, మళ్లీ మొదటి గోడవైపు తిప్పండి. గీతకూ పాత గుర్తుకూ మధ్య 3 మిల్లీమీటర్లు దాటితే ఇంకో పీసు అడగండి. ప్రతిసారీ లేజర్‌కున్న అద్దాల్లో ఒకే అద్దం గోడవైపు ఉండాలి, గుర్తు గీత నడిమధ్యన పెట్టాలి. నిలువు గీతకు తూకం గుండు వేలాడదీస్తే తేలిపోతుంది.

గోడ టైల్స్‌కు దీనికి తిరుగులేదు. నాలుగు గోడలకూ ఒకే వరుస, దారం కట్టే పని లేదు. కొత్తవాళ్లు దెబ్బతినేది బాత్రూం ఫ్లోరులో. లేజర్ మట్టం చూపిస్తుంది, వాటం (నీళ్లు జారే వాలు) చూపించదు. 8 అడుగుల బాత్రూంలో 80కి 1 వాటం ఇవ్వాలంటే తలుపు నుంచి నహానీ ట్రాప్‌కు (నీళ్లు పోయే జాలీకి) 30 మిల్లీమీటర్లు దిగాలి. గీత నుంచి కిందికి టేపు వేస్తే తలుపు దగ్గర 1000 మిల్లీమీటర్లు ఉన్నది ట్రాప్ దగ్గర 1030 రావాలి. ఈ కొలత వేయకుండా సాపుగా పరిచేస్తే నీళ్లు మూలకు నిలుస్తాయి. ఆ తర్వాత పీకడమే.

గీతలు మినుకుమంటే చెడిపోయిందని కంగారుపడొద్దు. మూడు నాలుగు డిగ్రీలకు మించి ఒరిగితే అలాగే చేస్తుంది, కింద చెక్కముక్క పెట్టి సరిచేయండి. అసలు ప్రమాదం బండి మీద. లోపల లోలకం వేలాడుతుంటుంది. లాకు వేయకుండా డిక్కీలో పడేస్తే మన రోడ్ల గుంతలకు మట్టం తప్పుతుంది. పడినా, బాగా అదిరినా ఆ గోడల పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ఎండ పడే బాల్కనీలో, ఎలివేషన్ (ఇంటి ముందు గోడ) పనిలో గీత కనపడదు. అందుకే ట్యూబ్ లెవెల్ (నీళ్ల పైపుతో మట్టం చూసేది) పారేయొద్దు. అందులో నీళ్లు మెల్లగా నింపి, పైపులో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి. బుడగ ఉంటే రెండు చివర్లూ ఒక మట్టానికి రావు.

అన్ని గీతలూ వెలిగిస్తే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కావలసినవే వేసుకోండి. రిమోట్ ఆటబొమ్మే. అయస్కాంతం బ్రాకెట్ ఇనుముకే అంటుకుంటుంది, ప్లాస్టర్ గోడకు మేకు కొట్టాలి. స్టాండు చాలా డబ్బాల్లో రాదు, దానికి విడిగా డబ్బు ఉంచుకోండి.