ఏళ్ల తరబడి తొక్కాక మా ఇంటి కార్పెట్లు ఎలా ఉన్నాయంటే

మా ఇంట్లో ఒక్కో గదిలో ఒక్కో రకం కార్పెట్ ఉంది. అన్నీ ఏళ్లుగా వాడుతున్నవే కాబట్టి ఏది నిలబడిందో, ఏది చతికిలబడిందో చెప్పగలను.

హాల్లో ఉన్నది ఉన్నిది. పోగులు పొట్టిగా, దట్టంగా ఉంటాయి. కొత్తలో కొన్ని నెలలు నూగు రాలుతూనే ఉంది, ఊడ్చినప్పుడల్లా ఉండలుగా వచ్చేది. ఉన్నికి అది మామూలే, దానంతట అదే తగ్గిపోయింది. సోఫా కాళ్ల కింద పడ్డ గుంటలకు ఇస్త్రీపెట్టె ఆవిరి పైపైన పట్టించి వేళ్లతో దువ్వితే పోగులు మళ్లీ లేస్తాయి. అయితే సోఫా కింద, వెలుతురు పడని మూల చిమ్మట పురుగు తినేసింది. రోజూ నడిచే చోట మాత్రం ఒక్క పోగూ పోలేదు. ఆ పురుగుకి చీకటి కావాలి, ఎవరూ కదిలించకూడదు. అందుకే ఏడాదికి రెండుసార్లు ఈ కొస ఆ కొసకి వచ్చేలా తిప్పి పరుస్తున్నాం. ఎండకి ఒకవైపే వెలిసిపోయే బాధ కూడా తగ్గింది.

పడకగదిలో పొడుగు పోగుల పాలియెస్టర్ వేశాం. పొద్దున్నే కాలు మోపితే హాయిగా ఉంటుంది. కానీ మంచం పక్కన నడిచే దారంతా అణిగిపోయింది, ఎంత దువ్వినా లేవదు. డస్ట్ అలర్జీ ఉన్నవాళ్ల గదిలో ఇది వద్దు, దుమ్మంతా అడుగున చేరుతుంది.

భోజనాల బల్ల కింద ఉన్నది పోగుల్లేని చదును నేత, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో చేసింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నీళ్లు పీల్చదు, ఏది ఒలికినా తడిగుడ్డతో పోతుంది. నూనె ఒక్కటే మొండిది, వెంటనే సబ్బునీళ్లతో తుడవాలి. బరువైన బల్లను దాని మీద ఈడిస్తే రాపిడి వేడికి దారం కరిగి మెరుపు గీత పడింది, అదిక పోదు. ఇక్కడ రంగు కంటే సైజు ముఖ్యం. బల్ల అంచు దాటి నలువైపులా కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. లేకపోతే కుర్చీ వెనక్కి జరిపినప్పుడల్లా కాళ్లు కార్పెట్ దిగిపోతాయి, ముందుకు లాగితే అంచుకు తట్టుకుంటాయి. తినే ప్రతిపూటా అదే చిరాకు!

మెట్ల మీద నైలాన్ లూప్ రకం, అంటే పోగుల కొసలు కత్తిరించకుండా ఉంగరాల్లా వదిలేసింది, గట్టిగానే ఉంది, మెట్టు అంచుల దగ్గరే కాస్త అరిగింది. పిల్లి ఉన్న ఇంట్లో లూప్ వద్దు, గోళ్లకు చిక్కి దారాలు లేస్తాయి. లేచిన దారాన్ని లాగకుండా కత్తెరతో కత్తిరించాలి.

వంటింటికి, బాత్‌రూమ్ ముందుకి మెషీన్‌లో ఉతికే నూలు మ్యాట్ చాలు.

పట్టులా మెరిసే విస్కోస్ అనే కృత్రిమ దారం కార్పెట్ల జోలికి వెళ్లకండి, నీళ్లు పడితే మచ్చే. కొనేటప్పుడు కార్పెట్‌ను వెనక్కి మడిచి చూడండి. పోగుల మధ్య అడుగు బట్ట బాగా కనబడితే అది పలచనది, త్వరగా అణుగుతుంది. తలుపు కింద సందులో కార్పెట్, దాని కింద వేసే రబ్బరు షీట్ రెండూ కలిపి పడతాయో లేదో కూడా ముందే కొలుచుకోండి.