అమ్మతో అలాస్కా క్రూజ్: ఆడవాళ్ళు ఏం బట్టలు సర్దుకోవాలంటే

పోయినేడాది జూన్ మొదటి వారంలో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, మా పాప, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ. జూనో, స్కాగ్‌వే, గ్లేసియర్ బే (గ్లేసియర్లు, అంటే మంచునదులు, సముద్రంలోకి దిగే నేషనల్ పార్కు), కెచికాన్, చివర్లో కెనడాలో విక్టోరియా, ఇదీ రూటు. వచ్చాక కనీసం పదిమంది ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఒక్కటే, "అమ్మకి ఏం బట్టలు సర్దావు?" అని. వాళ్ళమ్మనో అత్తగారినో తీసుకెళ్దాం అనుకుంటున్నవాళ్ళు అందరూ, అందుకే వివరంగా రాస్తున్నా.

అలాస్కా అనగానే మంచు, మైనస్ డిగ్రీలు అనుకుని అందరం పరుపంత కోట్లు కొనేస్తాం. నేనూ డాలస్‌లో ఒకటి కొన్నా, వారం మొత్తంలో రెండు గంటలు వేసుకున్నానేమో. ఆ టైమ్‌లో అక్కడ పగలు 10 నుంచి 16 డిగ్రీలు ఉంటుంది, మన అరకులో చలికాలం పొద్దున పూట ఉన్నట్టు. అసలు ఇబ్బంది వానతో, గాలితో. ఒళ్ళు తడవకపోతే పల్చటి స్వెటర్ చాలు, తడిస్తే మాత్రం 12 డిగ్రీలకే పళ్ళు టకటకమంటాయి.

ఇది నాకు కెచికాన్‌లో అర్థమైంది. ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన పడే ఊరు అది, ఓడ దిగగానే రేవు దగ్గర ఎంత వాన పడుతుందో చూపించే పెద్ద కొలబోర్డే పెట్టారు. ఓడ దిగేటప్పుడు వాన లేదు కదా అని అమ్మ మంగళగిరి కాటన్ చీర కట్టుకుంది, పైన శాలువా. క్రీక్ స్ట్రీట్ అని వాగు మీద చెక్కలు పరిచి కట్టిన వీధి ఉంటుంది, చాలా బావుంటుంది, తప్పకుండా చూడాలి. అక్కడికి వెళ్ళేసరికి జల్లు మొదలైంది, గొడుగు తీస్తే గాలికి తిరగబడిపోయింది. పావుగంటలో కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి బరువెక్కిపోయాయి, ఆ తడి అంచు నడుస్తుంటే కాళ్ళకి చుట్టుకుంటోంది, కింద చెక్కలేమో జారుడు. అమ్మ నా భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేసింది. పక్కనే వేడి సూప్ అమ్మే చోటు దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నిజంగా భయపడ్డా, 68 ఏళ్ళ మనిషి జారి పడితే ఏంటి పరిస్థితి అని.

కాబట్టి ఊళ్ళలో దిగేటప్పుడు కాటన్ వద్దు, చీరైనా జీన్స్ అయినా. జీన్స్ కూడా ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. తలకి టోపీ ఉన్న, నీళ్ళు లోపలికి దిగని రెయిన్‌కోటు తుంటి కిందకి వచ్చేంత పొడుగుది ఒకటి, త్వరగా ఆరే ప్యాంటు రెండు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి డెకాథ్లాన్‌లో ఇలాంటి కోటు దొరుకుతుంది, ఇక్కడ అమెరికాలో కొనక్కర్లేదు. ఒక సైజు పెద్దది తీసుకోండి, లోపల స్వెటర్ పట్టాలి, చేతికి గాజులుంటే కోటు చేతులు బిగుతుగా ఉండకూడదు, అమ్మ మట్టిగాజులు రెండు కోటు తీసేటప్పుడే చిట్లాయి.

ఇప్పుడు కాళ్ళ సంగతి. దీని గురించి ఎవ్వరూ చెప్పరు. అమ్మ ఎప్పుడూ చెప్పులే, బొటనవేలు విడిగా ఉండే సాక్సులు వేసుకుని చెప్పులు వేసుకుంటా అంది. ఆ సాక్సులు తడిస్తే అంతే, వేళ్ళు మొద్దుబారిపోతాయి. బూట్లు కొన్నాం, తీరా చూస్తే మెట్టెలు. మందం సాక్సు వేసి బూటు బిగిస్తే మెట్టె పక్కవేలికి నొక్కుకుపోయి ఎర్రగా కందిపోయింది. తీసేయమ్మా అంటే తీయదు, నేనూ బలవంతం చేయలేదు. చివరికి మెట్టె చుట్టూ మెత్తటి బ్యాండేజీ చుట్టి, లోపల ఒక పల్చటి సాక్సు, ముందుభాగం వెడల్పుగా ఉండే వాటర్‌ప్రూఫ్ బూట్లు అర సైజు పెద్దవి వేశాం. అప్పుడు హాయిగా నడిచింది. ఇంట్లోనే ఓ పదిరోజులు వేసుకుని తిరిగితే ఇలాంటివన్నీ ముందే తెలిసిపోతాయి.

చీర మానేయాలా అంటే అక్కర్లేదు. చీరలో చలి పట్టేది నడుము దగ్గర. పల్చటి ఫుల్ చేతుల థర్మల్ టాప్‌ని లోపలి లంగాలోకి దోపి, దాని మీద జాకెట్టు వేసి, లంగా కింద థర్మల్ లెగ్గింగ్ వేస్తే అసలు తేడా తెలియదు. కాకపోతే కాటన్ బదులు క్రేప్, జార్జెట్ లాంటివి, అవి మడతలు పడవు, కడిగితే రాత్రికి రాత్రి ఆరిపోతాయి. జూనోలో మాత్రం అమ్మ మొదటిసారి చుడీదార్ వేసుకుంది, నాదే, కొంచెం పొడుగైంది. మెండెన్‌హాల్ గ్లేసియర్ దగ్గర నగ్గెట్ ఫాల్స్ దాకా రానూపోనూ రెండు మైళ్ళు నడిచి, ఇదేదో బావుందే అంది. అక్కడే తిమింగలాలు చూసే పడవ కూడా ఎక్కాం, వీలుంటే అది వదులుకోవద్దు, కానీ పడవ వేగంగా వెళ్ళేటప్పుడు పైన డెక్ మీద గాలి మామూలుగా లేదు, చెవులు మూసే ఉలెన్ టోపీ లేకపోతే పైకి వెళ్ళొద్దు. కాటన్ చున్నీ చుట్టుకుంటే గాలి ఆగదు.

స్కాగ్‌వేలో 1898లో మొదలుపెట్టి కట్టిన వైట్ పాస్ రైలు ఎక్కాం, 20 మైళ్ళలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. పెట్టెలో వెచ్చగానే ఉంటుంది, ఫోటోలకి బయటి ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే మాత్రం కోటు కావాలి. ఆ రోజుల్లో బంగారం కోసం ఈ కొండ దాటేవాళ్ళని, ఏడాదికి సరిపడా తిండీ సామానూ కలిపి ఇంచుమించు ఒక టన్ను ఉంటేగానీ కెనడా పోలీసులు రానిచ్చేవాళ్ళు కాదట. గైడ్ ఆ మాట చెప్తే అమ్మ చాలాసేపు ఆ లోయలోకే చూస్తూ కూర్చుంది.

అన్నిటికంటే చలి గ్లేసియర్ బేలోనే. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కుతారు, మైకులో వివరాలు చెప్తూ ఉంటారు. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ గంటసేపు ఆగింది, ఆ మంచు మీదుగా వచ్చే గాలి ముక్కు కోసేస్తుంది. నా లావు కోటు పనికొచ్చిన రెండు గంటలూ అవే, అది కూడా స్వెటర్ మీద రెయిన్‌కోటు వేస్తే సరిపోయేది. ఫోన్ నొక్కడానికి వీలయ్యే గ్లౌజులు తప్పనిసరి, నేను ఫోటో కోసం గ్లౌజు తీస్తూ వేస్తూ ఉంటే పెద్ద ముక్క విరిగి పడటం చూడలేకపోయా, ఉరుము లాంటి చప్పుడు మాత్రమే విన్నా. అమ్మ బాల్కనీలో దుప్పటి కప్పుకుని కూర్చుని మొత్తం చూసింది. బాల్కనీ రూమ్‌కి ఎక్కువ డబ్బు పెట్టామని మా ఆయన మొదట్లో గొణిగారు, ఆ రోజు తర్వాత ఆ మాట ఎత్తలేదు. పెద్దవాళ్ళుంటే బాల్కనీ తీసుకోమనే చెప్తా.

ఇక ఓడ లోపల. లోపలంతా వెచ్చగానే ఉంటుంది, థియేటర్లో మాత్రం ఏసీ చల్లగా ఉంటుంది, ఒక పష్మీనా శాలువా చేతిలో ఉంచుకోవాలి. భోజనం, రూమ్ శుభ్రం, పనివాళ్ళ మర్యాద, వంక పెట్టడానికి లేదు. లాండ్రీనే దెబ్బ కొట్టింది. సంచికి ఇంత అని తీసుకుంటారు కదా, అందులో అమ్మ ఉలెన్ స్వెటర్ కూడా వేశా, వేడినీళ్ళలో ఉతికారేమో, మా పాపకి సరిపోయేంత అయి వచ్చింది. అడిగితే లాండ్రీ డబ్బులు వెనక్కిచ్చారు, స్వెటర్‌కి మాత్రం బాధ్యత మాది కాదన్నారు. అందుకే ఉన్ని బట్టలు ఇవ్వొద్దు, బాత్రూమ్‌లో ఉతుక్కోండి. రూమ్ గోడలు ఇనుము కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే తడి కోట్లు తగిలించొచ్చు, తెల్లారేసరికి ఆరిపోతాయి. ఇస్త్రీపెట్టె, స్టీమర్ మాత్రం ఓడ ఎక్కేముందు సామాను స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టేస్తారు.

ఫార్మల్ నైట్స్, అంటే బాగా తయారై డిన్నర్‌కి వెళ్ళే రాత్రులు, రెండు ఉన్నాయి. గౌన్లు కొనక్కర్లేదు, ఒక పట్టుచీర చాలు. అమ్మ ధర్మవరం పట్టు కట్టుకుని మెట్లు దిగుతుంటే ఇద్దరు పెద్దావిడలు ఆపి అంచు పట్టుకుని చూశారు, అమ్మకి ఇంగ్లీషు రాకపోయినా నేత ఎలా ఉంటుందో చేతులతో చెప్పింది.

ఒక్క విషయం మర్చిపోవద్దు. చివరి రాత్రి సూట్‌కేసులు రూమ్ బయట పెట్టేయమంటారు, పొద్దున్న సియాటిల్‌లో దిగాకే మళ్ళీ చేతికొస్తాయి. మేము విక్టోరియా చూసి రాత్రి వచ్చి అలసిపోయి అన్నీ సర్దేశాం, అమ్మ బూట్లతో సహా. తెల్లారి దిగితే రేవులో సన్నటి వాన. పొద్దున్నకి ఒక జత బట్టలు, బూట్లు, రెయిన్‌కోటు చేతిసంచిలో విడిగా తీసి పెట్టుకోండి.