కర్టెన్ యాంటెన్నా స్లూ స్విచ్: పచ్చ లైట్ వెలిగినా నేను నమ్మను

షార్ట్‌వేవ్ రేడియో ప్రసారాలకు వాడే హెచ్‌ఆర్‌ఎస్ 4/4 కర్టెన్ యాంటెన్నా (నాలుగు వరసల్లో నాలుగేసి డైపోల్ తీగలు తెరలా వేలాడేది) గెయిన్, బ్యాండ్లు, టవర్ ఎత్తులు ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ యాంటెన్నాని 250 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ఏళ్ల తరబడి నడుపుతున్నవాడిగా నాకు రాయాలనిపించింది దాని బీమ్‌ని పక్కకి ఒరిగించే స్లూ స్విచ్ గురించే. అదంటే నాకు ఎంత ఇష్టమో, అంత కోపం కూడా.

ముందు ఇష్టం సంగతి. టవర్ల మధ్య వేలాడే డైపోల్ వరసలు అంగుళం కూడా కదలవు. నిలువు వరసలకు వెళ్లే ఫీడ్‌లో ఈ స్విచ్‌తో డిలే లైన్లు (సిగ్నల్‌ని ఆలస్యం చేసే తీగలు) కలిపితే, సిగ్నల్ ఆలస్యంగా అందిన వైపుకి బీమ్ ఒరుగుతుంది. ఆ ఆలస్యం స్థిరం కాబట్టి 9 మెగాహెర్ట్జ్ నుంచి 11కి మారినా కోణం దాదాపు అంతే ఉంటుంది. రెండు సర్వీసుల మధ్య దొరికే కాస్త సమయంలో పవర్ ఆపి, బటన్ నొక్కి, 30 డిగ్రీలు పక్కన ఉన్న శ్రోతల దగ్గరికి వెళ్లిపోవచ్చు. మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాల్లో షెడ్యూల్ మారినప్పుడల్లా ఈ వెసులుబాటు విలువ తెలుస్తుంది. ఇంకో కర్టెన్ కట్టడానికి స్థలం, డబ్బు లేని సైట్‌కి ఇది చిన్న విషయం కాదు.

ఇక కోపం. కొంతకాలం కుడివైపు 30 డిగ్రీల పొజిషన్‌లో మాత్రమే రిఫ్లెక్టెడ్ పవర్ (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్) ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ కనిపించేది. మాటల కార్యక్రమం సాఫీగా నడిచేది. పాట హోరెత్తగానే ట్రిప్, ట్రాన్స్‌మిటర్ ఆగిపోయేది. తనంతట తాను తిరిగి ఆన్ అయ్యేది, కాసేపటికి మళ్లీ ట్రిప్. రోజూ ఇలాగే జరిగితే పట్టుకోవడం తేలికే. ఒక రోజు వస్తుంది, మర్నాడు రాదు. టార్గెట్ ప్రాంతం నుంచి వచ్చే రిపోర్టులు కూడా అంతే: ఒక సాయంత్రం బ్రహ్మాండం, మరో సాయంత్రం నీరసం. ప్రతి షిఫ్ట్‌లోనూ ఇదే టెన్షన్.

ఇలాంటప్పుడు అనుమానం సహజంగా ఇన్సులేటర్ల మీదికి పోతుంది. యాంటెన్నాకి పవర్ తీసుకెళ్లే 300 ఓమ్‌ల ఫీడర్ మీద 250 కిలోవాట్లంటే మాటా పాటా లేని వట్టి క్యారియర్‌కే దాదాపు 8.7 కిలోవోల్టులు, నిండు మాడ్యులేషన్ పీక్‌లో 24 కిలోవోల్టులు దాటుతుంది. మంచు తడి, దుమ్ము కలిస్తే ఆర్క్ రావడానికి ఇంకేం కావాలి? ఇన్సులేటర్లన్నీ శుభ్రం చేయించాం. పొడి వాతావరణంలోనూ ట్రిప్పులు ఆగలేదు.

దారి చూపించింది మా షిఫ్ట్‌లోని ఒక కుర్రాడు గమనించిన సంగతి. ట్రిప్ అయ్యాక స్లూని మధ్యకు తెచ్చి మళ్లీ 30కి పంపితే ఆ సాయంత్రానికి గొడవ ఉండేది కాదు. అంటే లోపం పైన తీగల్లో లేదు, స్విచ్ ఎక్కడ ఆగుతోందన్న దాంట్లో ఉంది. ట్రాన్స్‌మిటర్ ఆపి, ఎర్తింగ్ రాడ్లు తగిలించి, స్విచ్ పెట్టె తెరిచి, కంట్రోల్ రూమ్ వాళ్లని ఆపరేట్ చేయమన్నాం. మోటార్ తిరిగింది. స్విచ్ సరైన చోటికి చేరిందని చెప్పే పచ్చ లైట్ అక్కడ వెలిగిందని ఫోన్‌లో చెప్పారు. ఇక్కడ నా కళ్ల ముందు ఒక బ్లేడ్ (స్విచ్‌లో కదిలే లోహపు పట్టీ) తనని పట్టుకోవాల్సిన కాంటాక్ట్ వేళ్ల అంచుకి తగిలీ తగలనట్టు ఆగిపోయింది. వెండి పూత నల్లబడి, అంచు ఆర్క్‌కి కరిగి ఉంది.

మోటార్‌కీ బ్లేడ్‌కీ మధ్య ఉన్న ఫైబర్‌గ్లాస్ షాఫ్ట్ కప్లింగ్ కొద్దికొద్దిగా జారుతోంది. అందుకే బ్లేడ్ ప్రతిసారీ వేరే చోట ఆగేది. పొజిషన్ చెప్పే మైక్రోస్విచ్ మాత్రం మోటార్ వైపు ఉంది! స్విచ్ కుదిరేదాకా పవర్ రానివ్వని ఇంటర్‌లాక్ కూడా దాన్నే నమ్ముతుంది. బ్లేడ్ దగ్గర ఆర్‌ఎఫ్ (రేడియో శక్తి) తీవ్రంగా ఉంటుంది, అక్కడ వైరింగ్ పెట్టలేరు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ బ్లేడ్ నుంచి ఇంకో ఇన్సులేటింగ్ రాడ్ వెనక్కి తెచ్చి ఎర్త్ చేసిన పెట్టెలో మైక్రోస్విచ్‌ని నొక్కించవచ్చు. మేం చివరికి అదే చేశాం, కప్లింగ్‌కి అడ్డంగా పిన్ను కొట్టాం. తయారీదారుని అడిగితే డిజైన్ ప్రకారమే ఉందన్నారు. ఇన్ని కిలోవోల్టులు మోసే స్విచ్‌లో మోటార్ తిరిగిందన్న సంగతిని కాంటాక్ట్ కుదిరిందని చూపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పైన 30 డిగ్రీల గురించి ఉత్సాహంగా రాశాను కానీ, ఆ కోణం మధ్య పొజిషన్ అంత బలంగా ఉంటుందనుకోవద్దు. గెయిన్ కొంత తగ్గుతుంది, రెండో వైపు సైడ్ లోబ్ (అక్కర్లేని దిక్కుకి పోయే బీమ్) పెరుగుతుంది, బ్యాండ్ అంచుల్లో మ్యాచింగ్ కాస్త చెడుతుంది. 15 డిగ్రీలతో పని జరిగితే నేను అక్కడే ఆగుతాను. వాడని పొజిషన్లకు కూడా రోజుకోసారి పవర్ లేకుండా స్విచ్‌ని తిప్పిస్తాను, కాంటాక్ట్‌ల మీద పొర పేరుకోకుండా.

కొనమంటానా అంటే, మీ సైట్‌ని బట్టి ఉంటుంది. ఒకే దిక్కుకి ప్రసారం చేసేవాళ్లకి స్లూ లేని హెచ్‌ఆర్ చాలు, ఈ తలనొప్పి ఉండదు. దిక్కులన్నీ కావాలనుకుంటే ఫ్రాన్స్‌లోని ఇసుదున్‌లో ఉన్న అలిస్ లాంటి మొత్తం తిరిగే యాంటెన్నా వేరే స్థాయి, దాని బేరింగులు, నిర్వహణ కూడా వేరే స్థాయిలోనే ఉంటాయి. మా టార్గెట్లన్నీ 60 డిగ్రీల పరిధిలోనే ఉన్నాయి, సిబ్బంది తక్కువ. అందుకే మా సైట్ వరకు మళ్లీ ఇదే కోరుకుంటాను. కాకపోతే ఈసారి పొజిషన్ సూచన బ్లేడ్ నుంచే రావాలని, పెట్టెకి గాజు కిటికీ ఉండాలని టెండర్‌లోనే రాయిస్తాను.